కుందేళ్లు, ఈగలు, నేను చదవని కాగితం

పశువుల డాక్టరుగా ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. కుప్పం వైపు ఒక చిన్న ఆసుపత్రిలో చేరి, పుంగనూరు పల్లెల్లో ఎక్కువ కాలం తిరిగి, మదనపల్లెలో రిటైరయ్యాను. ఆవు ఈనలేక అవస్థపడుతుంటే, గొర్రెల మందకు పారుడు పట్టుకుంటే ఏం చేయాలో నా చేతులకు తెలుసు. కుందేలు దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలా ఏళ్లు తడుముకున్నాను.

ఈ మధ్య, ఉద్యోగంలో కొత్తగా చేరిన ఒక డాక్టరమ్మాయి ఫోన్ చేసింది. "మేడం, పెంపుడు కుందేలును తెచ్చారు. వెనక భాగమంతా పురుగులు. కాలేజీలో దీని గురించి సరిగ్గా ఒక్క పాఠం కూడా వినలేదు. ఏం చేయను?" అని అడిగింది. ఆ గొంతులో వణుకు నాకు తెలిసిందే. ఒకప్పుడు నా గొంతులోనూ ఉండేది.

ఆమెకు చెప్పాల్సింది చెప్పాను. ఫోన్ పెట్టేశాక, ఇది కాగితం మీద పెట్టాలనిపించింది. నా ప్రమోషన్లూ బదిలీలూ ఎవరికీ అక్కర్లేదు. ఆరుబయట గూళ్లలో పెరిగే కుందేళ్లను ఈగల నుంచీ దోమల నుంచీ పేల నుంచీ ఎలా కాపాడాలో నాకు నేర్పినవాళ్ల గురించి రాస్తాను. వాళ్లలో డాక్టర్లు తక్కువ.

మునిరత్నం టీ కొట్టు

కుప్పం వైపు పనిచేస్తున్నప్పుడు, ఉద్యోగంలో నాది నాలుగో ఏడు. బస్టాండు పక్కన మునిరత్నం అనే ఆయన టీ కొట్టు నడిపేవాడు. కొట్టు వెనక చెక్కపెట్టెకు ఇనుప జల్లెడ కొట్టి రెండు కుందేళ్లను పెంచేవాడు. మగదాని పేరు రాజా, ఆడదాని పేరు చిట్టి. టీ తాగడానికి వచ్చినవాళ్లు క్యారెట్ ముక్కో కొత్తిమీర కాడో వాటికి పెట్టిపోయేవాళ్లు.

కొట్టు ముందు పడుకునే వీధికుక్క నుంచి రాజాకు పేలు పట్టాయి. మునిరత్నం దాన్ని బుట్టలో పెట్టుకుని ఆసుపత్రికి తెచ్చాడు. అప్పట్లో కుక్కల పేలకు ఫిప్రోనిల్ అనే మందు స్ప్రే సీసాల్లో కొత్తగా వచ్చింది. కుక్కల మీద అద్భుతంగా పనిచేస్తోంది. నేను ఇంకేమీ ఆలోచించలేదు. రాజాకు ఒళ్లంతా తడిసేలా కొట్టి, మిగిలిన సీసా మునిరత్నం చేతికిచ్చి, "వారం తర్వాత ఇంకోసారి కొట్టండి" అని చెప్పి పంపాను.

మూడో రోజు పొద్దున ఆయన మళ్లీ అదే బుట్టతో వచ్చాడు. రాజా ముందురోజు నుంచి మేత ముట్టలేదు. తల అదురుతోంది, కాళ్లు కొట్టుకుంటున్నాయి. గ్లూకోజు పెట్టాను, ఫిట్సు తగ్గడానికి సూది వేశాను. మధ్యాహ్నంలోపే నా బల్ల మీదే చనిపోయింది.

"ఏమైందమ్మా దీనికి? మొన్నటిదాకా బాగుండె గదా," అన్నాడు మునిరత్నం.

"జ్వరం తగిలినట్టుంది. ఎండలు కదా," అన్నాను.

ఆయన నమ్మాడు. నమ్మకపోవడానికి ఆయనకు కారణం లేదు. రాజాను తువ్వాలులో చుట్టుకుని వెళ్లిపోయాడు. ఆయన వెళ్లాక మందు పెట్టె తీసి, లోపల మడతపెట్టి ఉన్న కాగితం విప్పాను. అప్పటిదాకా ఆ కాగితాన్ని ఒక్కసారి కూడా విప్పలేదు. చివర్లో చిన్న అక్షరాల్లో ఉంది, కుందేళ్లకు వాడరాదని. మడిచి మళ్లీ పెట్టెలో పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు.

మరుసటి రోజు మా పై అధికారి, అసిస్టెంట్ డైరెక్టరు, మేమంతా ఏడీ గారు అనేవాళ్లం, తనిఖీకి వచ్చారు. ఆయనంటే మా అందరికీ భయం. మెచ్చుకోవడం తెలియని మనిషి. రిజిస్టరు తిరగేస్తూ ఒక చోట ఆగారు.

"కుందేలు, జ్వరంతో మరణం అని రాశావు. జ్వరం ఎంత ఉంది?"

నేను థర్మామీటరే పెట్టలేదు. ఆయన రిజిస్టరు మూసి నా మొహంలోకి చూశారు. అంతే, మొత్తం చెప్పేశాను. స్ప్రే, కాగితం, అబద్ధం, అన్నీ. తిడతారనుకున్నాను. తిట్టలేదు.

"మిగతా సీసా ఎక్కడుంది?" అన్నారు.

"ఆయన దగ్గరే ఉంది సార్."

"ఆయన దగ్గర ఇంకో కుందేలు ఉందా?"

ఆ ఆలోచన అప్పటిదాకా నాకు రాలేదు. నా పరువు గురించి తప్ప నేను దేని గురించీ ఆలోచించలేదు.

"మరి ఇక్కడ నిలబడి ఏం చేస్తున్నావు?" అన్నారు ఏడీ గారు.

మోపెడ్ మీద బస్టాండుకు ఎంత వేగంగా వెళ్లానో నాకు గుర్తులేదు. మునిరత్నం కొట్టు వెనక సీసా చేత పట్టుకుని ఉన్నాడు. చిట్టి ఒళ్లంతా తడిగా మెరుస్తోంది.

"ఇప్పుడే కొట్టినానమ్మా," అన్నాడు నన్ను చూసి. "జ్వరానికి మనమేం సేస్తాం. పేలన్నా పోవాల గదా అని."

"వేడినీళ్లు కావాలి. చల్లనీళ్లు కలిపి గోరువెచ్చగా. సబ్బు తీసుకురండి, తొందరగా," అన్నాను.

టీ కొట్టు కాబట్టి వేడినీళ్లకు కరువు లేదు. చిట్టిని బకెట్ పక్కన ఒళ్లో పట్టుకుని, కళ్లలోకీ చెవుల్లోకీ నీళ్లు పోకుండా, సబ్బుతో మూడుసార్లు కడిగాను. ఆయన చెంబుతో నీళ్లు పోస్తున్నాడు. రెండోసారి కడుగుతున్నప్పుడు చెప్పాను.

"మునిరత్నం గారూ, రాజాది జ్వరం కాదు. ఈ మందే చంపింది. ఇది కుందేళ్లకు వాడకూడదు. నేను చూసుకోలేదు. నిన్న మీకు అబద్ధం చెప్పాను."

ఆయన చేతిలో చెంబు ఆగింది. తర్వాత మళ్లీ నీళ్లు పోశాడు.

"నిన్ననే సెప్పింటే దీనికి కొట్టేవాణ్ణే కాదు గదమ్మా," అన్నాడు మెల్లగా.

ఆ మాట తప్ప ఆయన నన్ను ఇంకొక్క మాట అనలేదు. చిట్టిని పొడిగుడ్డతో తుడిచి, బొగ్గుల పొయ్యికి మరీ దగ్గర కాకుండా వెచ్చటి చోట కూర్చోబెట్టాం. సాయంత్రం దాకా కొట్టు వెనకే కూర్చుని, కొంచెం కొంచెంగా దాని నోట్లో నీళ్లూ నలిపిన మేతా పెడుతూ ఉన్నాను. మధ్యలో ఒకసారి దాని ఒళ్లు జలదరించింది. తర్వాత ఏమీ కాలేదు. పొద్దు వాలుతుండగా దానంతట అదే లేచి కొత్తిమీర కాడ కొరికింది.

మునిరత్నం నా ముందు టీ గ్లాసు పెట్టాడు. తాగడానికి మొహం చెల్లక అలాగే కూర్చున్నాను.

"తాగమ్మా, సల్లారిపోతాది," అన్నాడు.

చిట్టి ఆ తర్వాత నాలుగేళ్లు బతికింది. ఆయన దాన్ని నా దగ్గరికే తెచ్చేవాడు. తప్పు చేసిన డాక్టరును జనం క్షమిస్తారు, దాచిన డాక్టరును క్షమించరు అని కొందరు పెద్ద మాటలు చెబుతారు. నాకు అంత తెలియదు. నాకు తెలిసింది ఒక్కటే. నేను దాచిన ఒక్క రోజులో ఇంకో ప్రాణం పోబోయింది. మందు తప్పుగా వేయడం కంటే అది పెద్ద తప్పు. మెచ్చుకోవడం తెలియని ఆ ఏడీ గారు ఆ రోజు ఆ ప్రశ్న వేయకపోతే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. ఎవరు తిట్టినా తిట్టకపోయినా, మందు పెట్టెలో కాగితం చదవకుండా ఆ తర్వాత నేను ఏ సూదీ వేయలేదు.

రెడ్డెమ్మ చేతులు

పుంగనూరుకు మారాక, అక్కడికి దగ్గర్లో ఒక పల్లె నుంచి రెడ్డెమ్మ అనే ఆమె వచ్చింది. యాభై దాటిన మనిషి. రెండెకరాల్లో మల్బరీ తోట, ఇంటి పక్కన పట్టుపురుగుల షెడ్డు. పురుగులు తినగా మిగిలిన ఆకు వృథాగా పోతోందని ఒక తెల్ల కుందేళ్ల జంటను తెచ్చి పెంచుకుంటోంది. పిల్లల్ని అమ్మేది కాదు, అడిగినవాళ్లకు ఇచ్చేది. పెద్దదాన్ని తన చీర కొంగులో చుట్టుకుని తెచ్చింది.

"నిన్న దాకా తినిందమ్మా. పొద్దున్నుంచి మూలకు కూసోనుండాది. ఏందో కంపు కొడతాండాది," అంది.

తోక ఎత్తి చూశాను. వానలు పడి ఉక్కపోతగా ఉన్న రోజులవి. వెనక బొచ్చు పేడతో అంటుకుపోయి, దాని కింద చర్మమంతా పురుగులు. ఈగ తడిసిన బొచ్చులో గుడ్లు పెడితే, అవి ఒక్క రోజు లోపే పగిలి పురుగులై బతికున్న మాంసాన్నే తొలుచుకుంటూ పోతాయి. ఆవు పుండులో పురుగులు పడితే దానికి కొన్ని రోజుల గడువుంటుంది. కుందేలుకు గంటల గడువే.

మా ఆసుపత్రిలో ఓబులేసు అని పాత అటెండరు ఉండేవాడు. ఆవుల పుండ్లలో పురుగులు తీయడంలో ఆయన్ను మించినవాడు లేడు. అలవాటు ప్రకారం టర్పెంటైన్ నూనెలో దూది ముంచి సిద్ధంగా పట్టుకున్నాడు.

"వద్దు ఓబులేసూ," అన్నాను. "దీని చర్మం సిగరెట్ కాగితమంత పలచన. కాలిపోతుంది. నాకితే కడుపులోకి పోతుంది."

ఆయన మొహం చిన్నబోయింది కానీ దూది పక్కన పెట్టాడు. నొప్పి తగ్గే సూది వేసి, బొచ్చు కత్తిరించి, గోరువెచ్చటి ఉప్పునీళ్లతో కడుగుతూ ఫోర్సెప్సుతో ఒక్కొక్క పురుగునూ తీయడం మొదలుపెట్టాను. చర్మం కిందికి దూరినవి జారిపోతున్నాయి. గట్టిగా పట్టుకుంటే చర్మం చిరుగుతోంది. నా నుదుటి మీద చెమట పడుతోంది.

కుందేలును పట్టుకుని ఉన్న రెడ్డెమ్మ కొంతసేపు చూసి, "ఆ సిమటా నాకియ్యమ్మా," అంది.

"మీకా?"

"పురుగుల్ని ఏరేదే గదమ్మా నా పని. పొద్దున లేస్తే జబ్బు పురుగుల్ని ఏరి పారేస్తానే ఉంటాను. ఇయ్యి, నువ్వు పట్టుకో దీన్ని."

ఇచ్చాను. ఆ చేతుల్ని చూస్తూ ఉండిపోయాను. చర్మాన్ని లాగకుండా, పురుగు తల బయటికి పెట్టేదాకా ఆగి, పట్టీ పట్టనట్టు పట్టి తీసేది. నేను గంటలో తీయలేనివి ఆమె అరగంటలో తీసింది. పని చేస్తున్నంతసేపూ కుందేలుతో మాట్లాడుతూనే ఉంది. "అయిపాయె, అయిపాయె, ఇంగొకటే," అని. ఆ ఇంకొకటి ఎన్నిసార్లు అందో.

పుండు ఆరబెట్టి, మిగిలిపోయిన పురుగులు చావడానికి, కుందేలు బరువు తూచి ఆ లెక్కన ఐవర్‌మెక్టిన్ చర్మం కింద వేశాను. కుందేలుకు పడే యాంటీబయాటిక్ ఎంచుకుని ఇచ్చాను. ఇక్కడ కొత్తవాళ్లకు ఒక మాట. ఆవులకూ కుక్కలకూ అలవాటుగా రాసే పెన్సిలిన్ జాతి మందుల్ని కుందేలుకు నోటి ద్వారా ఇవ్వకండి. దాని పేగుల్లో మేలు చేసే సూక్ష్మజీవులు చచ్చి, పుండు మానేలోపే ప్రాణం పోతుంది.

రెండు రోజుల తర్వాత చూడ్డానికి ఇంటికి వెళ్లాను. కుందేలు తింటోంది. గూడు చుట్టూ మాత్రం ఈగలు ముసురుతున్నాయి.

"గూడు చుట్టూ, పెరడంతా ఈగల మందు కొట్టించండి," అన్నాను పెద్ద డాక్టరులాగా.

రెడ్డెమ్మ చేతులు అడ్డం పెట్టింది. "ఆ మాట ఎత్తొద్దమ్మా! మా పురుగులు నాలుగో జ్వరం దాటి ఉండాయి. ఆ మందు గాలి సోకిందంటే ఒక్కటి మిగల్దు."

పట్టుపురుగు పొర విడిచే దశను ఇక్కడ జ్వరం అంటారు. నాలుగోది దాటిందంటే ఇక వారం పది రోజుల్లో గూడు కడుతుంది. ఆమె నెల కష్టం ఆ షెడ్డులో ఉంది.

"మరి మీ పురుగులకు ఈగలు రావా?" అని అడిగాను.

"రాకేం, ఊజి ఈగ రాదా? ఒక్క ఈగ దూరితే పురుగు మీద గుడ్డు పెడతాది. పురుగు మటాష్. రా, సూపిస్తా."

షెడ్డు కిటికీలన్నిటికీ నైలాన్ వల. తలుపు తీస్తే లోపల ఇంకో వల తలుపు. మొదటిది మూసుకున్నాకే రెండోది తెరవాలి. లోపల గాలి ఆడుతోంది, వెలుతురు ఉంది, ఈగ ఒక్కటి లేదు. మందు చుక్క లేదు. నేను ఐదేళ్లు చదివిన చదువులో ఎవరూ చూపించనిది అది. ఆమె తన పురుగుల్ని ఏ ఈగ నుంచి కాపాడుకుంటోందో, అలాంటి ఈగ నుంచే కుందేలునూ కాపాడాలి.

"ఇదే వల కుందేలు గూటికి కడితే?" అన్నాను.

"యాల కట్టకూడదు? పాత వల మిగిలి ఉండాది," అంది.

ఆ సాయంత్రమే ఇద్దరం కలిసి గూటి చుట్టూ వల బిగించాం. ఎంతో గొప్ప పని చేశామనుకున్నాను. వారం తిరక్కుండానే కబురొచ్చింది. కుందేలు వలను కొరికి పిడికిలంత కన్నం చేసింది. మళ్లీ వెళ్లాను. ఈసారి రెడ్డెమ్మే వెదురు బద్దలతో గూటికి జానెడు దూరంలో బయట చట్రం కట్టించి, దాని మీద వల వేసింది. నోరు అందదు, గాలి ఆడుతుంది. లోపల ఇనుప జల్లెడ, బయట వల. ఆ తర్వాత నేను ఎన్ని గూళ్లు కట్టించినా ఆమె కట్టిన తీరులోనే కట్టించాను.

అసలు ఈగ ఎందుకు వచ్చిందో కూడా అప్పుడే తెలిసింది. ఆకు కడిగి తడితడిగానే వేసేది, ప్రేమకొద్దీ పాయసం మెతుకులు కూడా పెట్టేది. దాంతో పారుడు. బొచ్చుకు అంటుకున్న తడి పేడ వాసనకే ఈగ వచ్చింది. పాయసం మాన్పించడానికి వల కట్టించడం కంటే ఎక్కువ కష్టపడ్డాను.

గూడు దగ్గర ఏం చూడాలి

కొత్తగా వచ్చినవాళ్లు మందుల పేర్లు అడుగుతారు. నేను ముందు గూడు చూపించమంటాను.

వానాకాలంలో, ఎండలు ముదిరాక, ఇంట్లోవాళ్లు పొద్దునా సాయంత్రం తోక ఎత్తి చూడాలి. అక్కడ బొచ్చు పొడిగా ఉందా లేదా, అంతే. ముసలి కుందేలు, బాగా బలిసిన కుందేలు తనను తాను శుభ్రం చేసుకోలేదు. వాటి విషయంలో ఇంకా జాగ్రత్త. తడిసిన గడ్డి ఆ పూటే తీసేయాలి. కుందేలు సగం రోజు తినకపోతే రేపు చూద్దాం అనుకోవద్దు. ఆవుకు చెప్పే ధైర్యం కుందేలుకు చెప్పకండి.

ఊజి వల ఈగను ఆపుతుంది కానీ దోమను ఆపదు, కన్నాలు పెద్దవి. దోమలున్న చోట పొద్దుగూకేముందు గూటి మీద సన్నకన్నాల దోమతెర కప్పాలి. అది కుందేలు చెవికి ఆనకూడదు, ఆనితే దోమ బయటి నుంచే కుడుతుంది. గూటి పక్కన మూత లేని డ్రమ్ము, పాత టైరు, పగిలిన కుండ ఉంటే తీయించండి. పెరట్లో కుక్క ఉంటే దాని పేలకు ముందు వైద్యం చేయండి, కుక్క మందుతో కుక్కకు.

వేపనూనె, కర్పూరం, ఫినాయిల్ లాంటివి గూట్లో పూసేవాళ్లను చూశాను. కుందేలు రోజంతా ఒళ్లు నాక్కుంటూనే ఉంటుంది. దాని ఒంటికి పూసింది ఏదైనా దాని కడుపులోకే పోతుంది. ఈ ఒక్క మాట చెబితే చాలామంది వాళ్లంతట వాళ్లే ఆపేస్తారు.

చిన్నప్ప మణికట్టు

ఇది నా సర్వీసు చివరి రోజుల్లో, మదనపల్లెలో జరిగింది. ఆవులకు లంపీ స్కిన్ అనే ముద్దచర్మం జబ్బు వచ్చి తగ్గిన సమయం. ఈగలూ దోమలూ ఆ జబ్బును మోస్తాయని అందరికీ తెలిసిపోయి, జనం దోమ పేరెత్తితే భయపడేవాళ్లు.

శైలజ అనే టీచరు తన పెరట్లో ఆరు కుందేళ్లను పెంచేది. ఆమె తండ్రి చిన్నప్ప. జీవితమంతా రాళ్ల క్వారీల్లో కూలి చేసి కూతుర్ని చదివించాడు. పక్షవాతం వచ్చాక కుడిచెయ్యి పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు, మాట కూడా బాగా తగ్గిపోయింది. ఆ కుందేళ్లకు ఎడమచేత్తో గడ్డి వేయడం, ఒళ్లో పెట్టుకుని నిమరడం, అదే ఆయన పగటి పని. శైలజ నాతో ఒకసారి చెప్పింది, "మాతో మాట్లాడేది తక్కువ మేడం. వాటితో మాత్రం గొణుగుతానే ఉంటాడు."

ఆ కుందేళ్లకు కళ్లు వాచాయి. రెండింటికి రెప్పలు పూర్తిగా మూసుకుపోయాయి. ముక్కు మీదా చెవుల అంచుల్లోనూ బూడిదరంగు పెచ్చులు కట్టాయి. పక్కింట్లో ఆవులున్నవాళ్లు చూసి, ఇది మా ఆవులకు అంటుకుంటుందని ఆఫీసుకు ఫిర్యాదు పెట్టారు.

అప్పటి మా పై అధికారి బాగా చదువుకున్న మనిషి, వేగంగా నిర్ణయాలు తీసుకునేవారు. నాతో కలిసి వచ్చి గూళ్ల బయట నిలబడి చూశారు.

"ఇది మిక్సోమటోసిస్ లాగే ఉంది," అన్నారు. అది కుందేళ్లకు దోమలూ పేలూ మోసే వైరస్ జబ్బు. కళ్లు వాచి మూసుకుపోతాయి, ఎక్కువ భాగం చస్తాయి. విదేశాల్లో ఉంది, అక్కడ టీకాలూ ఉన్నాయి. మన దగ్గర నేను ఒక్క కేసూ చూడలేదు, ఆ టీకా కూడా నేను పనిచేసినన్నాళ్లూ మా ఆసుపత్రికి రాలేదు.

"మన ప్రాంతంలో మొదటి కేసు అయితే చేతులు కట్టుకుని కూర్చోలేం. ఆరింటినీ నొప్పి లేకుండా చంపి, సున్నం వేసి పూడ్చాలి. రేపే," అన్నారు.

శైలజ తండ్రి వైపు చూసింది. "సార్, మా నాయన..." అని ఆగిపోయింది.

చిన్నప్ప అక్కడే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. విన్నాడో లేదో తెలియలేదు. కళ్లు మూసుకుపోయిన ఒక కుందేలును ఒళ్లో పెట్టుకుని నిమురుతున్నాడు. నిమురుతూ మధ్యలో ఆపి, ఎడమ మణికట్టును గోడ అంచుకు రుద్దుకున్నాడు. మళ్లీ నిమిరాడు. మళ్లీ రుద్దుకున్నాడు.

నేను వెళ్లి ఆయన ముందు కూర్చున్నాను. "పెద్దాయనా, చెయ్యి చూపించండి."

మణికట్టు లోపలి వైపు, మోచేతి దాకా చిన్న చిన్న ఎర్రటి పొక్కులు.

"ఎప్పట్నుంచి దురద?" అని అడిగాను.

ఆయన చాలాసేపు మాట కూడదీసుకుని, "వీటికొచ్చినప్పట్నుంచి," అన్నాడు.

కుందేళ్ల వైరస్ మనిషికి రాదు. చర్మంలో తొలుచుకునే గజ్జి పురుగైతే, ఒళ్లో పెట్టుకున్న మనిషికీ కొంత దురద పుట్టిస్తుంది.

"సార్, ఇది గజ్జి కావచ్చు. మైక్రోస్కోపు దగ్గరికి వెళ్దాం. ఒక్క గంట ఇవ్వండి," అన్నాను.

"గంటేగా. సరే," అన్నారాయన.

పెచ్చుల అంచున చర్మాన్ని కొంచెం నెత్తురు కనిపించేదాకా గీకి, గాజుపలక మీద నూనె చుక్కలో వేశాను. ఆసుపత్రికి వచ్చి లెన్సు కింద పెట్టాను. మొదటి పలకలో ఏమీ లేదు. రెండోదాంట్లో ఏమీ లేదు. అధికారి నా వెనక నిలబడి ఉన్నారు, ఆయన ఊపిరి వినిపిస్తోంది. నా లెక్క తప్పిందేమో అనుకున్నాను. మూడో పలక పక్కకు జరుపుతుంటే ఒక గుండ్రటి జీవి పొట్టి కాళ్లు ఆడిస్తూ కనిపించింది.

లేచి కుర్చీ ఆయనకిచ్చాను. ఆయన వంగి చూశారు. చాలాసేపు చూశారు.

"గజ్జి," అన్నారు. వెంటనే, "గజ్జి ఉన్నంత మాత్రాన ఆ వైరస్ లేదని ఎలా చెప్తారు? రెండూ ఉండొచ్చు కదా," అన్నారు.

ఆ మాటకు ఆ క్షణంలో కోపం వచ్చింది. కానీ ఆయన అన్నది నిజం. నాకు నచ్చిన జవాబు దొరికింది కదా అని వెతకడం మానేయడం కూడా తప్పే. అందుకని ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. నమూనాలు ల్యాబుకు పంపాలి. ఆరు గూళ్లనూ దోమతెరల్లో విడివిడిగా పెట్టి గజ్జికి వైద్యం చేయాలి. ఏ ఒక్కటి దిగజారినా ఆయన చెప్పినట్టు చేయాలి.

ఆ రోజే శైలజ, నేను, బడి నుంచి వచ్చిన ఆమె తోటి టీచరు కలిసి తెరలు కట్టాం. గూళ్ల వెనక మూత లేని డ్రమ్ము ఒకటుంది, లోపల దోమ పిల్లలు గిలగిలలాడుతున్నాయి. దాన్ని బోర్లించాం. ఐవర్‌మెక్టిన్ మొదటి మోతాదు ఆరింటికీ వేశాను. చిన్నప్పను చర్మం డాక్టరు దగ్గరికి పంపాను. పూత మందు ఇచ్చారు. కుందేళ్లను కొన్నాళ్లు ఒళ్లోకి తీసుకోవద్దన్నారు. ఆయనకు అన్నిటికంటే కష్టమైంది అదే. తెర బయట స్టూలు వేసుకుని కూర్చునేవాడు.

నాలుగైదు రోజులు మార్పేమీ లేదు. రోజూ బడి వదిలాక శైలజ ఫోన్ చేసేది. "అట్లనే ఉండాయి మేడం," అనేది. ఆరో రోజు మాట మారింది. "మేడం, చెవి మీద పెచ్చు ఊడింది. కింద గులాబీ రంగు చర్మం వచ్చింది!" ఆ తర్వాత ఒక్కొక్కటిగా రెప్పలు విచ్చుకున్నాయి. రెండు వారాలకు రెండో మోతాదు వేశాను. ల్యాబు నుంచి కూడా వైరస్ లేదని జవాబు వచ్చింది. ఆరింటిలో ఒక్కటీ పోలేదు.

నెల దాటాక, ఇంక ముట్టుకోవచ్చని చెప్పడానికి వెళ్తుంటే, మా అధికారి తనూ వస్తానన్నారు. ఎందుకని నేను అడగలేదు. పెరట్లో ఆయన కొంచెం ఇబ్బందిగా గూళ్లకు దూరంగానే నిలబడ్డారు. తెర తీశాం. చిన్నప్ప ఎడమచేత్తో ఒక కుందేలును తీసుకుని, చెంపకు ఆనించుకుని, దాని చెవిలో ఏదో గొణిగాడు. తర్వాత తలెత్తి అధికారిని చూశాడు.

"రా సామీ," అన్నాడు, ఒక్కో మాటా కూడదీసుకుంటూ. "కూసో. ఎత్తుకో. కరవదు."

ఆయన చుట్టూ చూశారు. కుర్చీ లేదు. ఇస్త్రీ ప్యాంటుతోనే నేల మీద కూర్చుని, రెండు చేతులూ చాపారు. చిన్నప్ప కుందేలును ఆయన ఒళ్లో పెట్టి, ఎలా పట్టుకోవాలో చేతులు సర్ది చూపించాడు. అది కొంచెం బెదిరి, కాసేపటికి ఆయన చొక్కా గుండీ కొరకడం మొదలుపెట్టింది. ఆయన కదలకుండా కూర్చున్నారు, గుండీ ఊడేదాకా.